పొలిమేర దాటిన చదువు

కొండవీటి కొండ యెక్కి నిలిచిన వారికి రెండు సీమలు ఒక్కచోట కనబడును. పడమటి వైపున మెట్ట. నల్లరేగడి చేలు, నడుమ నడుమ తుమ్మలు, తాడిచెట్లు, మాఘ ఫాల్గుణ మాసములలో మిరపకాయ ఆరబోసిన ఎర్రని కల్లములు. తూర్పు వైపున చూపు సాగిన మేర పల్లము, అందులో మాగాణి, దాని కావల కంటి కానని సముద్రము. గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానమంతయు ఈ రెండింటి కలయికయే. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకొన్న భాగము ఒకటి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల అను క్రొత్త జిల్లాలుగా విడివడిన భాగములు మరి రెండు. పటముపై గీతలు మారినవి గాని వాగులు మాత్రము పాత దారినే పారుచున్నవి.

ఆ కొండపై కోట కట్టి యేలిన రెడ్డిరాజుల చరిత్రను పలువురు వ్రాసియున్నారు. ఈ ప్రసంగములో మేము వేరొక చరిత్రను చెప్పదలచినాము. కొండ మీదినుండి కనబడు ఆ నేలను చదువుకొన్నవారు ఏయే కాలములలో ఎట్లు చదివిరి, ఆ చదువునకు ఏమి దొరికినది, ఏమి జారిపోయినది అనునదే ఆ చరిత్ర. నేడు విశ్వవిద్యాలయములలో పట్టభద్రులైన పిదప విద్యార్థులు చదువుచున్న ‘భూదృశ్య జీవావరణ శాస్త్రము’నకు మన జిల్లాలలో ఇట్టి పూర్వకథ కలదు. ఆ కథలో కొందరు రైతుల ప్రాణములును చేరియున్నవి గనుక దీనిని పండితుల ముచ్చటగా తలపరాదని మా మనవి.

ఇందు మొదటి పుట కరణములది. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది మొదటను కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమున సర్వే జరుపుచు, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరుల సహాయముతో ఊరూర స్థానిక చరిత్రలను సేకరింపజేసెను. 1816లో అమరావతి శిల్పములకు పటములు గీయించినవాడును ఆయనయే. ఆ స్థానిక చరిత్రలను కైఫీయతులందుము. గుంటూరు సీమ గ్రామముల కైఫీయతులు నేటికిని లభించుచున్నవి. వాటిని తెరచి చూచిన ఒక విశేషము తోచును. ఊరెప్పుడు కట్టిరి, గుడి ఎవరు నిలిపిరి, చెరువెవరు త్రవ్వించిరి, మాన్యములెవరివి, పొలిమేరలెక్కడివి అను సంగతులన్నియు ఒకే కథలో అల్లుకొని వచ్చును. వ్రాసినవారు శాస్త్రజ్ఞులు కారు. పుక్కిటి పురాణములును అందు దొర్లినవి. అయినను ఊరి చెరువును, ఊరి గుడిని, ఊరి చేనును వేర్వేరు పుస్తకములలో వ్రాయవలెనను ఊహ వారికి రాలేదు.

రెండవ పుట సర్కారుది. రయత్వారీ పద్ధతిలో శిస్తు నిర్ణయించుటకై సెటిల్‌మెంటు అధికారులు నేలను నలుపు, ఎరుపు, ఇసుక అను జాతులుగను, ఒక్కొక్క జాతిని మంచి చెడ్డలనుబట్టి తరగతులుగను విడదీసి, ఒక్కొక్క భూమికి ‘తరము’ కట్టిరి. 1883లో గార్డన్ మెకంజీ వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఆ కాలపు జ్ఞానమునకు మంచి నిదర్శనము. 1859లో గుంటూరు జిల్లాను అందులో కలిపియుండుటచేత మన సీమ విషయములును ఆ గ్రంథమున కలవు. గుంటూరు మరల ప్రత్యేక జిల్లా యగుట 1904లో జరిగినది. ఈ లెక్కలు చాల విలువైనవి. కాని శిస్తు కట్టుటకు సర్వే నంబరు చాలును. ఆ నంబరు ప్రక్కనున్న వాగు వానకారున ఎటు పొంగునో, ఎదుటి చేనిలోని పురుగు ఎప్పు డిటు వచ్చునో ఆ లెక్కకు అక్కరలేదు.

ఇదే కాలమున నీరు కూడ నేలను రెండుగా విడదీసినది. 1832-33లో, నందన నామ సంవత్సరమున వచ్చిన కరువులో ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు మించి జనము నశించినది. నందన కరువు అను పేరు తరతరముల వరకు పెద్దల నోట నిలిచినది. ఆ భయంకరానుభవము కృష్ణపై ఆనకట్ట కట్టవలెనను తలంపునకు బలము చేకూర్చినది. 1852లో మొదలైన ఆ పని 1855లో బెజవాడ వద్ద పూర్తి యయ్యెను. కాలువ నీరు అందిన పల్లము మాగాణి యైనది. అందని మెరక మెట్టగనే మిగిలినది. డెల్టా ఒక లోకము, మెట్ట ఒక లోకము అను భావము చదువుకొన్నవారి మనసులలో అప్పటినుండియే పాతుకొనినది. నేల మీద మాత్రము ఈ రెండును ఎన్నడు విడివడలేదు. మెరకలో కురిసిన వాన కొండవీటి వాగు వంటి వాగుల వెంట పల్లమును ముంచెత్తుచునే యున్నది. పల్లపు వరిగడ్డి మెట్ట పశువులకు మేతగా బండ్లపై పోవుచునే వచ్చినది.

ఇరువదవ శతాబ్దిలో నేల చదువు బడులలోనికి వచ్చినది. 1922లో గుంటూరు చెంతనున్న లాం గ్రామమున వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసినది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల తెరచిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరులో 1967లో నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రమే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయముగా రూపొందినది. నిడుబ్రోలులో పుట్టి ఆక్స్‌ఫర్డులో చదివివచ్చిన ఆచార్య ఎన్.జి. రంగా 1926లోనే డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థపై ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. లాంలోని శాస్త్రజ్ఞులు ప్రత్తిని, మిరపను, అపరాలను చదివిరి. జి-4 అనబడు భాగ్యలక్ష్మి మిరప అక్కడి కృషి ఫలమే. ఇట్లు ఒకరు పైరును, ఒకరు మన్నును, ఒకరు ధరవరలను, ఒకరు శాసనములను పట్టుకొని లోతుకు పోయిరి. శాస్త్రము పెరుగు విధానమే అది. దానిని తప్పు పట్టుటకు వీలులేదు. కాని చేనికిని చేనికిని నడుమ నున్నదానిని చదువుట ఎవరి బాధ్యతయు కాకపోయెను.

ఆ నడుమనున్నదానికి ఒక శాస్త్రము కావలెనని చెప్పి, దానికి పేరు పెట్టినవాడు కార్ల్ ట్రోల్ అను జర్మను భూగోళ శాస్త్రజ్ఞుడు. ఆయన ఆఫ్రికాలో సంచారము చేసెను. 1937లో హిమాలయములలోని నంగ పర్వతమునకు పోయిన జర్మను బృందములోను ఉండెను. విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను పరిశీలించుచుండగా, నేల మీద నిలిచినప్పుడు వేర్వేరుగా కనబడు అడవి, మన్ను, నీరు, సేద్యము పై నుండి చూచినప్పుడు ఒకే అల్లికగా కనబడుట ఆయన గమనించెను. 1939లో ప్రకటించిన వ్యాసమున ఈ చదువునకు జర్మను భాషలో ఆయన పెట్టిన పేరే క్రమముగా ప్రపంచమంతట వ్యాపించినది. 1982లో చెకోస్లొవేకియా దేశమున ఈ శాస్త్రమునకు అంతర్జాతీయ సంఘము ఏర్పడినది. 1986లో అమెరికా దేశీయుడగు రిచర్డ్ ఫోర్మన్, ఫ్రాన్సు దేశీయుడగు మిషెల్ గోద్రోన్ కలిసి రచించిన గ్రంథము విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది.

ఆ గ్రంథకర్తలు ఏ సీమనైనను మూడు అంశములుగా చూడుమనిరి. అంతట పరచుకొన్నది ఒకటి. దానిని పరపు అందము. అందులో అక్కడక్కడ తునకలుగా నుండునవి రెండవవి. ఆ తునకలను కలుపుచు సాగు బాటలు మూడవవి. ఈ మాటలను మన మెట్టకు అన్వయించిన శాస్త్రము పరాయిదిగా తోచదు. రేగడి చేలు పరపు. చెరువులు, కుంటలు, తోపులు, బీళ్లు, ఊరి ప్రక్క పోరంబోకు నేలలు తునకలు. వాగులును, ఇరువైపుల కంచెతో బండ్లు నడచు డొంకలును బాటలు. డొంక బండికే కాదు, ఉడుతకు, ముంగిసకు, గోరువంకకు, తేనెటీగకు కూడ దారియే. చేనిలో పురుగును ఏరి తిను పక్షి వాలుటకు కొమ్మ డొంకలోనే యుండును. డొంకను దున్ని చేనిలో కలుపుకొన్న రైతునకు నాలుగు సాళ్లు ఎక్కువ వచ్చును. ఊరి వారందరును అట్లే చేసిన, ఆ కోల్పోయినది ఎవరి పట్టాలోను కనబడదు.

విమాన ఛాయాచిత్రములతో నేలను చదువు పద్ధతి మన దేశమునకు ఆలస్యముగా రాలేదు. 1966లో డచ్చివారి సహకారముతో డెహ్రాడూన్‌లో ఆ విద్య నేర్పు సంస్థ ఏర్పడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1941లో ఆచార్య సి. మహదేవన్ నెలకొల్పిన భూగర్భశాస్త్ర శాఖలోను ఈ దృష్టి పెంపొందినది. 1979లో కె. నాగేశ్వరరావు, ఆర్. వైద్యనాథన్ గార్లు కృష్ణా డెల్టా అంచున నున్న భూరూపములు ఎట్లు ఏర్పడినవో వివరించుచు ఒక పరిశోధన వ్యాసము ప్రకటించిరి. సముద్రము నేడున్న చోటునకు ఎంతో లోపల వరుసలు వరుసలుగా కనబడు ఇసుక తిన్నెలు పూర్వపు సముద్ర తీరములే. తీర గ్రామములు అనేకము ఆ తిన్నెలపైననే వెలసినవి. నడుమనున్న పల్లములలో వరి పండును. తిన్నెల ఇసుకలో నిలిచిన మంచినీటిని దొరువులు త్రవ్వి రైతులు వాడుకొనుచు వచ్చిరి. ఊరు ఎక్కడ కట్టవలెనో, నీరు ఎక్కడ తోడవలెనో వేల యేండ్లనాటి సముద్రము నిర్ణయించినదన్నమాట. నాగేశ్వరరావుగారు తమ సహపరిశోధకులతో 2010లో ప్రకటించిన మరొక వ్యాసమున, ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవుటచేత కృష్ణా గోదావరి డెల్టాల తీరము కోతకు గురియగుచున్నదని చూపిరి. ఎగువ జలాశయమునకు, తీరగ్రామమునకు ఉన్న బంధుత్వము ఇట్టి చదువువలననే తెలియును.

పల్లపు సీమకు ఈ దృష్టి లభించుచుండగా మెట్ట సీమ వేరొక మార్పునకు లోనగుచుండెను. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువ, అనగా జవహర్ కాలువ, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో సుమారు 11 లక్షల ఎకరములకై ఉద్దేశింపబడినది. జొన్న, వరిగ, కంది, ఆముదము, దేశవాళి ప్రత్తి కలగలుపుగా నుండిన మెట్ట రూపు మారసాగెను. ఆ దశకమునందే కోయంబత్తూరునుండి ఎం.సి.యు. 5 అను పొడుగు పింజ ప్రత్తి, 1970లో సూరతునుండి హెచ్-4, 1972లో ధార్వాడనుండి వరలక్ష్మి అను సంకర ప్రత్తులు వచ్చినవి. ధర పలికినది. మేడలు లేచినవి. పిల్లలు పట్టణములలో కళాశాలలకు పోయిరి. ప్రత్తిని ‘తెల్ల బంగారము’ అనుట ఆ దినములలో అతిశయోక్తిగా తోచలేదు.

పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పరపంతయు ఒకే పైరైనది. 1984-85 ప్రాంతమున తెల్లదోమ విజృంభించినది. 1987-88లో మన రైతులు శనగ పచ్చపురుగు అని పిలుచు కాయతొలుచు పురుగు చేలను ఊడ్చివేసినది. 1980 ప్రాంతమున వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను పదే పదే చల్లుటచేత పురుగు వాటికి లొంగని శక్తి సంపాదించుకొనినదని ఆ పిమ్మట పరీక్షలలో తేలినది. మందు పనిచేయలేదని రైతు మరల మందు చల్లెను. దానికి మరల అప్పు చేసెను. మందు చేతను పురుగునకు శత్రువులైన మేలుచేయు కీటకములు ముందుగా చచ్చినవి. ఆ ఏట ఈ రెండు జిల్లాలలో ప్రత్తి రైతులు పలువురు ఆత్మహత్య చేసుకొనిరి. కొందరు ఆ పురుగు మందునే త్రాగిరి. నందన కరువులో వాన లేక జనము పోయిరి. ఇప్పుడు కాలువ నీరుండగానే పోయిరి.

ఆ విపత్తును పైరు శాస్త్రము ఒక విధముగ చదివినది. పురుగును తట్టుకొను వంగడములను వెదకినది. తెల్లదోమను తట్టుకొను ‘కాంచన’ ప్రత్తిని లాం క్షేత్రము ఇచ్చినది. రసాయన శాస్త్రము క్రొత్త మందులను తెచ్చినది. ఈ రెండును అవసరములే. కాని ఆ పురుగు పేరునే ఒక్కసారి ఆలోచింతము. ప్రత్తిని మ్రింగిన పురుగునకు శనగ పచ్చపురుగు అని పేరు! శనగను, కందిని, మిరపను, టమాటను, ప్రత్తిని అది ఒకే తీరుగ తినును. దాని రెక్కల పురుగు రాత్రివేళ చాల దూరము ఎగురును. ఒక చేను ఎండిన ప్రక్క చేనికి, ప్రత్తి ముగిసిన శనగకు పోవును. మనకు సర్వే నంబర్లు, గ్రామములు, మండలములు కలవు. ఆ పురుగునకు వినుకొండనుండి అద్దంకి వరకు ఒకటే చేను. పేరు పెట్టిన రైతునకు ఈ సంగతి కొంత తెలిసియేయుండును. చేనొక్కటే ప్రమాణముగా చదివిన చదువునకు అది అందలేదు.

ఆ పంట ఏడాది ముగియుచుండగా, 1988 మార్చి 17న మన దేశపు దూరగ్రాహక ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్-1ఎ బైకనూరునుండి ఆకాశమునకు లేచినది. హైదరాబాదులో 1974లో ఏర్పడిన జాతీయ దూరగ్రాహక సంస్థవలన ఆ చిత్రములు మన పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. మైదానమంతటను ఒక్కచూపున చూచు కన్ను మనకు వచ్చునప్పటికి ఆ కన్ను చూడవలసిన నష్టము జరిగిపోయినది.

పొలిమేర దాటి ఆలోచింపక తప్పదని ఆ పిమ్మట చట్టమును ఒప్పుకొనవలసి వచ్చినది. 2002 మార్చిలో బి.టి. ప్రత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, చేని చుట్టు ఐదు వరుసలు గాని, చేనిలో నూటికి ఇరువది పాళ్లు గాని, ఏది ఎక్కువైన అంత మేర మామూలు ప్రత్తి నాటవలెనని షరతు పెట్టిరి. విషమునకు అలవాటుపడని పురుగులు కొన్ని బ్రతికియుండి, అలవాటుపడిన వాటితో జతకట్టిన, నిరోధశక్తి త్వరగా వ్యాపింపదని దాని భావము. ఇది పక్కా భూదృశ్య శాస్త్రము. కాని దానిని ఒక్కొక్క రైతు తన సంచితో వచ్చిన చిన్న పొట్లముగానే చూచెను. తన చేనిలో పురుగునకు పాలు వదలుట ఎందుకని పెక్కురు ఆ విత్తనము చల్లలేదు. ఊరందరికి కలుగు మేలు ఒక్కని చేనిలో నష్టముగా కనబడినప్పుడు అట్లే జరుగును. గులాబి రంగు పురుగు బి.టి. ప్రత్తిని సహితము లొంగదీసికొన్నది. 2021-22లో క్రొత్త జాతి తామర పురుగు మిరప పూతపై బడి గుంటూరు, ప్రకాశం చేలను పాడుచేసినప్పుడు పాత పాఠము మరల ఎదుటికి వచ్చినది. మిరప చుట్టు రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేయుడని శాస్త్రజ్ఞులు చెప్పు సలహా, పాత మెట్టలోని కలగలుపు సేద్యమునకు దగ్గర చుట్టమే.

ఇందులో మా వంతు తప్పును దాచుట న్యాయము కాదు. కొంతకాలము క్రిందట రికార్డింగుకై ఒక మెట్ట గ్రామమునకు పోయినప్పుడు, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్ము ఇట్లడిగెను: “బాబూ, సోమవారం విత్తనం గురించి చెప్తారు. బుధవారం పురుగుమందు గురించి చెప్తారు. మా పొలిమేర గురించి ఏ రోజు చెప్తారు?” మాకు వెంటనే జవాబు తోచలేదు. మేమును శాస్త్రములవలెనే నేలను వారములుగా పంచుకొని చెప్పుచుంటిమి.

ఆ పెద్దాయనకు జవాబు చెప్పగల చదువునే మేమీ వ్యాసమున వర్ణించుచున్నాము. మన విద్యార్థులకు ఇది తరచుగ భూగోళ, వృక్ష, పర్యావరణ శాస్త్రముల పాఠములలో ఒక భాగముగా ఎదురగును. అట్టి విద్యార్థి ఒకరు ఒక జిల్లాను గాక ఒక వాగును ఎన్నుకొందురనుకొందము. గుండ్లకమ్మలోనికి పారు చిన్న వాగు ఏదైనను చాలును. గ్రామ పటములను, అడంగళ్లను ముందుంచుకొని ఏ ఏట ఏ పైరు ఎంత వేసిరో గుర్తింపవలెను. 1988 తరువాతి ఉపగ్రహ చిత్రములను వాటిపై పరచి, ఎన్ని కుంటలు పూడినవో, ఎన్ని డొంకలు చేలలో కలిసినవో కొలువవలెను. వాగు పొడవునను లింగాకర్షక బుట్టలు కట్టి రెక్కల పురుగులు ఏ నెలలో ఎటునుండి ఎటు పోవుచున్నవో లెక్కింపవలెను. కైఫీయతు దొరికిన ఊరైనచో రెండు వందల యేండ్లనాటి చెరువు పేరును నేటి చిత్రముతో సరిచూడవచ్చును. పిదప కాలినడకన తిరుగవలెను. ఉపగ్రహము పచ్చదనమును చూపును గాని ఆ పచ్చదనము వెనుకనున్న అప్పును, కౌలును చూపజాలదు. దానిని అరుగుల మీద కూర్చుండి అడిగి తెలిసికొనవలెను.

ఈ చదువు ఫలము ఒక రైతు చేతికి ఇచ్చునది కాదు. డొంక కంచెలు మరల పెంచుట, కుంటల పూడిక తీయుట, ఒక ఆయకట్టున అందరును ఒకే సమయమున ప్రత్తి కట్టె పీకివేయుట, శనగకు ప్రత్తికి నడుమ కొన్ని వారములు ఎడము విడుచుట – ఇవన్నియు పది మంది కూడి చేయవలసిన పనులు. పూర్వము చెరువు పూడిక ఊరివారందరు కలిసి తీసినట్లే, పురుగును కూడ ఊరివారందరు కలిసియే ఎదుర్కొనవలెను. ఎక్కడ కలియవలెనో, ఎప్పుడు కలియవలెనో చెప్పుటకు విశ్వవిద్యాలయపు పటమును, అరుగు మీది పెద్దల జ్ఞాపకమును రెండును కావలెను. అట్టి పరిశోధన చేసిన విద్యార్థులు తమ ఫలితములను ఆంగ్ల పత్రికలతో పాటు ఆ వాగు గట్టునున్న ఊళ్లకును తెలుగున చెప్పుదురని మా ఆశ. మేమును ఆ పెద్దాయన అడిగిన రోజును మా వారములో ఎక్కడ చేర్చవలెనో ఆలోచించుచున్నాము.